చుట్టాల బిడ్డని ఇంట్లో పెట్టుకుని పెంచాలంటే: సోషల్ వర్కర్ విచారణ గురించి నెల్లూరు జిల్లా కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

అమ్మానాన్న లేని బిడ్డని, ఉన్నా చూసుకోలేని వాళ్ల బిడ్డని అవ్వో, పిన్నమ్మో, మేనమామో తమ ఇంటికి తెచ్చుకోవడం మనకి కొత్త సంగతి కాదు. ఆ ఇంటికి ఫైలు చంకన పెట్టుకుని ఒక సోషల్ వర్కర్ రావడమే కొత్త. ఉదయగిరి కొండ కింది ఊళ్ల నుంచి ఇందుకూరుపేట తీరం దాకా, విచారణకి వెళ్లిన చోటల్లా దాదాపు ఇవే అనుమానాలు ఎదురవుతుంటాయి. అందుకే ఒకచోట చేర్చాం. ఏ జవాబుకాజవాబు విడిగా చదువుకునేలా రాశాం కాబట్టి కొన్ని మాటలు రెండోసారి తగలవచ్చు.

## ఎవరూ రాకముందే వచ్చే అనుమానాలు

సొంత అవ్వా తాతలం. మా మనవరాలిని మేం పెంచుకునేదానికి మీ పర్మిషన్ ఏంది?

బిడ్డ ఇప్పటికే మీ దగ్గర క్షేమంగా ఉండి, కడుపు నిండా తిని బడికి పోతుంటే ఎవరూ వచ్చి మీ చేతుల్లోంచి లాక్కుపోరు. విచారణ జరిగేది ముఖ్యంగా మూడు సందర్భాల్లో. రైల్వే స్టేషన్లోనో, పనిలోనో, ఆస్పత్రిలోనో ఒంటరిగా దొరికిన బిడ్డని బాలల సంక్షేమ కమిటీ ముందుకు తెచ్చినప్పుడు. హోంలో, అంటే పిల్లల్ని ఉంచి చూసుకునే సంస్థలో ఉన్న బిడ్డని బంధువుల ఇంటికి పంపాలనుకున్నప్పుడు. బిడ్డ కోసం మీరే ప్రభుత్వ సాయానికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు.

నిజానికి చట్టం మీ వైపే మొగ్గింది. బిడ్డని సంస్థలో ఉంచడం ఆఖరి దారి కావాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం మూడో సెక్షనులోనే రాసి ఉంది. కాకపోతే చుట్టరికం మీరెవరో చెబుతుంది గానీ, అర్ధరాత్రి ఫిట్స్ వస్తే బిడ్డని ఎవరు ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తుతారో చెప్పదు. సోషల్ వర్కర్ వచ్చేది ఆ రెండోది కనుక్కోవడానికి.

సీడబ్ల్యూసీ అంటే పోలీసులా, కోర్టా?

పోలీసులు కాదు. సీడబ్ల్యూసీ అంటే బాలల సంక్షేమ కమిటీ. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు, వాళ్లలో కనీసం ఒకరు మహిళ. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుకి ఉండే అధికారాలు ఈ కమిటీకి ఉంటాయి కాబట్టి దాని ఉత్తర్వు ఉత్త కాగితం కాదు.

ఇంటికి వచ్చే సోషల్ వర్కర్ మామూలుగా జిల్లా బాలల సంరక్షణ విభాగం మనిషి. చూసింది, విన్నది రాసి సిఫారసు చేయడం వరకే ఆ మనిషి పని. బిడ్డ ఎక్కడ ఉండాలో తేల్చేది కమిటీ. ‘సార్ చేతిలోనే ఉంది, సార్‌ని పట్టుకుంటే అయిపోద్ది’ అని ఊళ్లో ఎవరైనా అంటే నమ్మకండి.

ఎన్నాళ్లు పడుతుంది? అంతదాకా బిడ్డ హోంలోనే ఉండాల్నా?

సోషల్ వర్కర్ రాసే సాంఘిక విచారణ నివేదిక 15 రోజుల్లో పూర్తి కావాలని, బిడ్డని మొదటిసారి హాజరుపరచిన రోజు నుంచి 4 నెలల్లోపు తుది ఉత్తర్వు ఇచ్చేలా విచారణ నడవాలని చట్టం చెబుతుంది. కాగితాలు ఆలస్యమైనా, బిడ్డది వేరే జిల్లా అయినా సాగదీత తప్పదు.

విచారణ నడుస్తుండగానే బిడ్డని తాత్కాలికంగా తగిన వ్యక్తికి అప్పగించే వీలు కమిటీకి ఉంది. ఇది చాలామంది అడగరు. అడగండి. ఇవ్వకపోయినా, హోంకి వెళ్లి బిడ్డని చూసి వచ్చే అనుమతైనా తీసుకోండి. మీరు ఎన్నిసార్లు వచ్చారు, వచ్చినప్పుడు బిడ్డ మీతో ఎలా ఉంది అన్నది కూడా ఫైల్లోకి ఎక్కుతుంది.

పెంచుకోవడం, గార్డియన్‌గా ఉండటం, దత్తత. మూడూ ఒకటే గదా?

ఒకటి కాదు. ఎక్కువ గొడవలు ఇక్కడే మొదలవుతాయి.

కమిటీ ఉత్తర్వుతో బిడ్డని మీ ఇంట్లో పెట్టుకుని పెంచడం ఒక పద్ధతి. బిడ్డ ఇంటిపేరు మారదు, తల్లిదండ్రులతో చట్టబంధం తెగదు. రోజువారీ తిండి, బడి, వైద్యం మీ బాధ్యత.

జిల్లా కోర్టు నియమించే గార్డియన్ వేరు. అది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జరుగుతుంది. బిడ్డ పేరున పొలమో, ఇల్లో, పెద్ద మొత్తమో ఉంటే దీని అవసరం పడుతుంది. బిడ్డని పెంచుతున్నాం గదా అని బిడ్డకి రావలసిన మాగాణి అమ్మేస్తామంటే కుదరదు. హిందూ కుటుంబాల విషయంలో 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆ సంగతి తేటగా చెప్పింది. కన్నతండ్రి అయినా సరే, బిడ్డ పేరున ఉన్న స్థిరాస్తి అమ్మాలంటే ముందు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి.

దత్తత మూడోది. దాంతో బిడ్డ అన్నివిధాలా మీ బిడ్డ అవుతుంది, వెనక్కి తిప్పడం ఉండదు. బాలల న్యాయ చట్టం కింద బాబాయి, పెదనాన్న, మేనత్త, మేనమామ, పిన్ని, పెద్దమ్మ, అవ్వా తాతలు బంధువుల దత్తతకి వస్తారు. 2022 సెప్టెంబరు 1 నుంచి ఆ దత్తత ఉత్తర్వు ఇచ్చేది కలెక్టరు. స్టాంపు పేపరు మీద నలుగురి సంతకాలు పెట్టించుకున్నంత మాత్రాన దత్తత అయిపోదు.

నన్నడిగితే చాలా ఇళ్లకి మొదటి పద్ధతి చాలు. తండ్రో తల్లో బతికుండి, ఇవాళ కాకపోతే రేపు కుదుటపడే ఆశ ఉంటే దత్తతకి తొందరపడొద్దు.

## కాగితాలు

ఏమేం సిద్ధం పెట్టుకోవాలి?

మీ ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఆదాయ ధ్రువపత్రం. బిడ్డ పుట్టిన తేదీ పత్రం లేదా బడిలో ఇచ్చే స్టడీ సర్టిఫికెట్. తల్లిదండ్రులు చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రాలు. బిడ్డకి ఏదైనా జబ్బుంటే ఆస్పత్రి చీటీలు, టీకాల కార్డు. మీరూ బిడ్డా కలిసి ఉన్న పాత ఫొటో ఒకటి దొరికితే చూపించండి, చుట్టరికం తేల్చడంలో అదీ పనికొస్తుంది. లేని కాగితాన్ని ‘ఉంది, ఊళ్లో మర్చిపోయాం’ అనకండి. లేదంటే ఎలా తెచ్చుకోవాలో చెబుతారు.

మేం యానాదులం. నాకు ఆధార్ లేదు, బిడ్డ పుట్టిన కాగితమూ లేదు. మాకియ్యరా?

కాగితం లేకపోవడం పెంచలేకపోవడం కాదు. చెరువు గట్ల మీద, కాలవ ఒడ్డున, రొయ్యల గుంటల దగ్గర కాపలాకి ఉంటూ చోటు మారుతుండే కుటుంబాలకి కార్డులు లేకపోవడం ఈ జిల్లాలో విచారణకి వెళ్లే ప్రతి ఒక్కరికీ తెలిసిందే. బిడ్డ వయసు తేల్చేందుకు చట్టం వరస పెట్టింది. ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం, అది లేకుంటే పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన పత్రం, రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష. చుట్టరికానికి అంగన్‌వాడీ టీచరు, బడి పంతులు, సంఘం పెద్ద చెప్పే మాట రాసుకుంటారు. ఇదే సందులో ఊళ్లోని సచివాలయంలో ఆధార్ పని కూడా మొదలుపెట్టించుకోండి. విచారణకి వచ్చినవాళ్లు వెంట ఉన్నప్పుడు పని త్వరగా కదులుతుంది.

అయితే మిమ్మల్ని మరో ప్రశ్న తప్పకుండా అడుగుతారు: గుంట యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకున్నారా, ఆ బాకీలో బిడ్డ పని కూడా లెక్కలోకి వస్తుందా అని. దీన్ని దాచేవాళ్లే ఎక్కువ, బాకీ ఉందంటే బిడ్డని ఇవ్వరేమోనని. దాస్తేనే నష్టం. 1976లో వచ్చిన చట్టం వెట్టిచాకిరీని, దానికి కారణమైన బాకీని రద్దు చేసింది. బాకీ కింద కుటుంబం కట్టుబడి ఉందని తేలితే కలెక్టరు, ఆర్డీవోల స్థాయిలో విముక్తి పత్రం ఇప్పించే దారి ఉంది. సోషల్ వర్కర్ ముందుగా భయపడేది మీ పేదరికానికి కాదు, పదేళ్ల పిల్లోడు రాత్రిపూట గుంట దగ్గర ఏరియేటర్ (నీళ్లలోకి గాలి పంపే కరెంటు యంత్రం) వైర్ల మధ్య కాపలా పడుకోవడానికి. ఆ పని బిడ్డకి పెట్టం అని, ఎలా పెట్టకుండా ఉండగలరో కూడా చెప్పగలిగితే కాగితాల లోటు పూడ్చుకోవచ్చు.

## ఇంటికి వచ్చిన రోజు

చెప్పి వస్తారా, చెప్పకుండా వస్తారా?

మొదటిసారి మామూలుగా ఫోన్ చేసే వస్తారు, ఇంట్లో అందరూ ఉండాలి కాబట్టి. తర్వాత ఒకసారి చెప్పకుండా రావచ్చు. భోజనాలు, కానుకలు ఏర్పాటు చేయొద్దు, మజ్జిగ ఇస్తే చాలు. ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. జిల్లా బాలల సంరక్షణ అధికారికి గానీ కలెక్టరేట్లో సోమవారం అర్జీల్లో గానీ చెప్పండి.

ఒకటే గది, రేకుల ఇల్లు. చూసి కాదంటారా?

గది ఒకటే అన్న కారణంతో కాదనరు. అలా కాదంటే మన ఊళ్లలో సగం ఇళ్లు పనికిరావు. చూసేది వేరు.

బిడ్డ ఎక్కడ పడుకుంటుంది, పక్కన ఎవరు పడుకుంటారు? ఎదిగిన ఆడపిల్ల అయితే బట్టలు మార్చుకునే మరుగు ఉందా, మరుగుదొడ్డికి రాత్రి ఎంత దూరం పోవాలి, తోడెవరు? తలుపుకి లోపల గడియ ఉందా? పురుగుమందు డబ్బాలు ఎక్కడ పెడతారు? బావికి చప్టా, సంపుకి మూత ఉన్నాయా? బడి ఎంత దూరం, హైవే దాటాలా?

పెన్నా కట్ట పక్కన ఉండేవాళ్లని, విడవలూరు, అల్లూరు, ముత్తుకూరు లాంటి తీర మండలాల వాళ్లని ఇంకోటీ అడుగుతారు: వరదొచ్చినా, తుఫానొచ్చినా ఎక్కడికి పోతారు? 2021 నవంబరు వరదలో పెన్నా ఒడ్డు ఇళ్లలోకి నీళ్లెలా వచ్చాయో చూసినవాళ్లకి ఆ ప్రశ్న విడ్డూరంగా అనిపించదు. ‘బడి మేడ మీదికి పోతాం, కాగితాలన్నీ కవర్లో చుట్టి పెట్టుకున్నాం’ అన్న జవాబు పక్కా ఇంటికన్నా ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

విచారణ కోసమని అప్పు చేసి మంచాలు, బీరువా కొనకండి. పక్కింటి ఫ్యాను తెచ్చి తగిలించిన ఇళ్లూ ఉన్నాయి. అది కనపడిపోతుంది.

ఎంత సంపాదిస్తారు, తాగుతారా, కేసులున్నాయా. ఇవన్నీ ఎందుకు? అవమానంగా ఉంది.

అవమానంగా అనిపించడం సహజం. కన్నతల్లిని ఎవరూ ఇవి అడగరు. కానీ ఈ బిడ్డ ఇప్పటికే ఒక ఇల్లు పోగొట్టుకుంది, రెండో ఇల్లు కూడా చెదిరితే తట్టుకోవడం కష్టం. అడగడం దానికి.

ఆదాయం విషయంలో పెద్ద మొత్తం కోసం చూడరు. వచ్చేది ఎంత, పోయేది ఎంత, ఇంకో కంచం పెరిగితే ఏది తగ్గిస్తారు అని చూస్తారు. డ్వాక్రా అప్పు, మైక్రో ఫైనాన్సు వారం కట్టుబడి, చిట్టీ, అన్నీ చెప్పండి.

తాగుడు గురించి ‘అస్సలు ముట్టడు’ అన్న జవాబు ప్రతి ఇంట్లో వినిపించేదే, దానికి ఎవరూ పెద్దగా విలువివ్వరు. తాగాక ఏం జరుగుతుంది అన్నదే అసలు ప్రశ్న. వచ్చి పడుకుంటాడా, కంచం విసిరేస్తాడా, చెయ్యెత్తుతాడా, అప్పుడు పిల్లలు ఎక్కడికి పోతారు. ఇంటావిడ జవాబు చెప్పే ముందు ఇంటాయన మొహంలోకి చూసిందంటే, ఆమెని విడిగా మళ్లీ ఒకసారి కలుస్తారు.

కేసుల సంగతి పోలీసు స్టేషను నుంచి ఎలాగూ తెలుస్తుంది. ఎలక్షన్ల గొడవలో పెట్టిన పాత కేసుకీ, పిల్లల మీదో ఆడవాళ్ల మీదో చెయ్యి వేసిన కేసుకీ పోలిక లేదు. మొదటిదాన్ని వివరించవచ్చు. రెండోది ఉన్న మనిషి ఇంట్లో ఉంటే ఆ ఇంటికి సిఫారసు రాయడం జరగని పని. ముందే చెప్పిన చిన్న కేసు కన్నా తర్వాత బయటపడిన చిన్న కేసు ఎక్కువ చెరుపు చేస్తుంది.

నాకు 68 ఏళ్లు, షుగరుంది. ముసలిదాన్నని ఇయ్యరా?

వయసొక్కటే చూసి అవ్వని తోసిపుచ్చరు. సోషల్ వర్కర్ ఒక చిన్న కూడిక వేస్తారు: బిడ్డకి ఇప్పుడు 5 ఏళ్లయితే 18 వచ్చేసరికి మీకు 81. అదే మనవడికి 13 అయితే మీకు 73. మొదటి లెక్కకి రెండో మనిషి ఖచ్చితంగా కావాలి.

కాబట్టి విచారణకి ముందే ఆ రెండో మనిషి ఎవరో తేల్చుకోండి. బెంగుళూరులో ఉన్న కొడుకు ‘నేనున్నాను గదమ్మా’ అంటే చాలదు. మీరు ఆస్పత్రిలో పడ్డ రోజు పొద్దున్నే బిడ్డకి అన్నం పెట్టి బడికి పంపే మనిషి ఎవరు? పక్క వీధి కూతురో, కోడలో, పొరుగింటి ఆమో అయితే ఆమెని కూడా ఆ రోజు ఇంటికి పిలవండి, ఆమె నోటితో చెప్పించండి. నెలనెలా వచ్చే 4,000 పింఛను మీ మందులకే సరిపోతుందని తెలిస్తే బిడ్డకి విడిగా సాయం రావాలని నివేదికలో రాస్తారు. కళ్లు మసకగా ఉన్నాయని, మోకాళ్లు పట్టేస్తున్నాయని చెప్పడానికి సిగ్గుపడకండి. వయసు దాచుకున్న అవ్వ కన్నా, ‘నాకు చేతకానిరోజు దీన్ని పిన్నమ్మ చూస్తది’ అన్న అవ్వకి సిఫారసు రాయడం తేలిక.

పొరుగోళ్లని అడుగుతారంట. మాకు వాళ్లతో గెట్టు తగాదా ఉంది.

తగాదా ఉందని ముందే చెప్పేయండి. ఒకరి మాట మీద ఎవరూ తేల్చరు. బడి పంతులు, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, కిరాణా కొట్టాయన, ఇలా నలుగురి దగ్గర విన్నదాన్ని పక్కపక్కన పెట్టి చూస్తారు.

## బిడ్డతో మాట్లాడినప్పుడు

మమ్మల్ని బయటికి పొమ్మని బిడ్డని ఒంటరిగా ఎందుకు మాట్లాడిస్తారు?

మీ ముందు బిడ్డ మీకు నచ్చే మాటే చెబుతుంది. తన గురించి తీసుకునే నిర్ణయంలో తన మాట వినిపించే హక్కు బిడ్డకి చట్టం ఇచ్చింది, వయసుకి, తెలివికి తగ్గట్టు దానికి విలువ ఇస్తారు. ‘ఎవరి దగ్గర ఉంటావు?’ అని సూటిగా అడిగేది తక్కువ. నీకు జడ ఎవరేస్తారు, దెబ్బ తగిలితే ముందు ఎవరికి చెబుతావు, రాత్రి భయమేస్తే ఏం చేస్తావు, ఈ ఇంట్లో నీకు నచ్చని చోటుందా, ఇలా ఉంటాయి. చిన్నపిల్లలైతే బొమ్మ గీయమంటారు.

ముందురోజు కూర్చోబెట్టి మాటలు నేర్పకండి. ఆరేళ్ల పిల్ల ‘మా మామయ్య ఆర్థిక పరిస్థితి బాగుంటుంది’ అంటే ఆ మాట ఎక్కడిదో అడగక్కర్లేదు.

బిడ్డే మా దగ్గరికి రానంటే?

అంతటితో అయిపోదు. అమ్మ పోయిన బిడ్డ అందరి మీదా అలుగుతుంది. ముందు కారణం కనుక్కుంటారు. బడి మారాలనో, కుక్కపిల్లని వదలాలనో, తమ్ముడు దూరమవుతాడనో అయితే దానికి దారి చూస్తారు. ఆ ఇంట్లో ఫలానా మనిషి అంటే భయం అన్నదే కారణమైతే, ఆ భయం ఏమిటో తేలేదాకా బిడ్డని పంపరు. మీరు కూడా పంపమని పట్టుబట్టకూడదు.

ముగ్గురు పిల్లలు. తలా ఒకరిని పంచుకుంటామన్నారు మా అన్నదమ్ములు. కుదురుతుందా?

వీలైనంతవరకు తోబుట్టువుల్ని విడదీయకూడదనే చూస్తారు. మోయలేని భారం అయితే ఒకే ఊళ్లోనో, పక్క ఊళ్లోనో రెండిళ్లలో ఉంచడం మేలు. అప్పుడు ‘నెలకి ఎన్నిసార్లు కలుస్తారు, ఎవరు తీసుకుపోతారు, సంక్రాంతికి ఎవరింట్లో’ అని వివరంగా అడుగుతారు. మగపిల్లాడు మాకు, ఆడపిల్ల హాస్టలుకి అన్న పంపకం చెప్పారంటే మాత్రం నివేదికలో అది మీకు మంచిగా పడదు.

## చుట్టరికంలో చిక్కులు

రేపు మా తమ్ముడికే చేసుకుంటాం. మేనరికమే గదా. పిల్లని ఇప్పుడే తెచ్చుకుంటే తప్పేంది?

ఈ మాట సరదాగా అన్నా సరే, విచారణ అక్కడ ఆగి నిలబడుతుంది. మన దగ్గర అమ్మమ్మ ఇల్లంటే పెళ్లికాని మేనమామ ఉన్న ఇల్లు, మేనత్త ఇల్లంటే బావ ఉన్న ఇల్లు. ఆడపిల్లకి పదమూడేళ్లు వచ్చాయంటే వీధిలో వాళ్లే మొగుడూపెళ్లాల పేరు పెట్టి వేళాకోళం చేస్తారు. పెంచుతున్న ఇంటికి రుణపడ్డాననుకునే పిల్ల కాదనే ధైర్యం చేయలేదు. సోషల్ వర్కర్ చూసేది ఆ ఇరకాటాన్ని.

2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం 18 నిండని ఆడపిల్లకి పెళ్లి చేయడం నేరం, చేయించిన పెద్దలు కూడా శిక్షకి గురవుతారు. పెళ్లి అయిందన్న పేరుతో 18లోపు పిల్లని తాకినా పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కింద నేరమే, మేనమామ అయినా బావ అయినా మినహాయింపు లేదు.

అంటే మేనరికం ఉన్న ఇళ్లన్నిటినీ కొట్టేస్తారని కాదు. మామ ఉద్యోగం మీద వేరే ఊళ్లో ఉంటాడా, పిల్ల అవ్వ పక్కన పడుకుంటుందా, ఇంటర్ తర్వాత ఏం చదివిస్తారు, ఆమె వద్దంటే ఏం చేస్తారు, ఇవి అడిగి జవాబులు రాసుకుంటారు. అదే పిల్లకి పిన్నమ్మ ఇల్లు కూడా ఉంటే మొగ్గు అటే ఉంటుంది. నా లెక్కలోనూ అదే మేలు.

తండ్రి బతికే ఉన్నాడు, తాగుడు. బిడ్డ మా దగ్గరుంటే ఊరుకుంటాడా?

కమిటీ అతన్ని కూడా పిలిచి మాట వింటుంది, కన్నతండ్రి కాబట్టి. బిడ్డని చూడనివ్వాలా వద్దా అన్నది విడిగా ఆలోచిస్తారు. పగటిపూట, తాగకుండా, ఇంకో పెద్దమనిషి ఉండగా కలవనిచ్చేలా ఏర్పాటు చేయవచ్చు.

ఇంటి విచారణలో మిమ్మల్ని అడిగేది: ఒక రాత్రి తాగొచ్చి వాకిట్లో కేకలేస్తూ బిడ్డని పంపమంటే ఏం చేస్తారు? ‘మా బావే గదా, సర్దిచెప్పి పంపిస్తాం’ అన్నారంటే చిక్కే. తలుపు వేసుకుని 112కో, పిల్లల హెల్ప్‌లైన్ 1098కో ఫోన్ చేస్తాం, పొద్దున్నే విభాగానికి చెబుతాం అన్నది వాళ్లు వినాలనుకునే జవాబు. తల్లి కువైట్‌లో పనికి పోయి ఉంటే ఆమెతో వీడియో కాల్లో మాట్లాడి, ఆమె అభిప్రాయం రాసుకుంటారు.

అమ్మ తరఫువాళ్లకిస్తారా, నాన్న తరఫువాళ్లకా?

ఈ తరఫుకే ముందు అన్న లెక్కేం లేదు. బిడ్డకి ఎవరి దగ్గర చేరిక ఉంది, ఎవరింట్లో బడి మారక్కర్లేదు, ఎవరు రెండో తరఫుని రానిస్తారు అని చూస్తారు. ఆఖరిది చాలా బరువైన అంశం. ‘ఆ ఇంటి గడప తొక్కనియ్యం’ అన్న తరఫు తన కేసు తానే బలహీనం చేసుకున్నట్టు.

హైవే మీద ప్రమాదంలో తల్లీ తండ్రీ పోయిన బిడ్డల విషయంలో రెండు తరఫులూ ఒక్కసారిగా పోటీపడటం చూస్తుంటాం. నష్టపరిహారం కేసు వేశారా, బీమా ఉందా అని అందుకే అడుగుతారు. మైనరు వాటాని ట్రిబ్యునల్ మామూలుగా బిడ్డ పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయిస్తుంది, పెంచినవాళ్ల చేతికి ఇవ్వదు. ఈ సంగతి చెప్పగానే కొందరి ఉత్సాహం తగ్గుతుంది, అలాంటప్పుడు విచారణ పని సులువవుతుంది.

## ఉత్తర్వు, డబ్బు

నెలకి 4,000 ఇస్తారంట. ఎవరికిస్తారు?

పిల్లల సంరక్షణకి పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ పేరుతో ఒక్కో బిడ్డకి నెలకి 4,000 రూపాయలు. అమ్మానాన్న లేక బంధువుల దగ్గర ఉన్న పిల్లలు దీని పరిధిలోకి వస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 మించకూడదు. కలెక్టరు ఆధ్వర్యంలోని కమిటీ మంజూరు చేస్తుంది, డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది.

బిడ్డ కారణం లేకుండా 30 రోజులకి మించి బడి మానేస్తే సాయం ఆగే ప్రమాదం ఉంది. హాస్టల్లో చేర్చాలనుకుంటే ముందే చెప్పండి, అర్హత మారుతుంది. నెలనెలా తప్పకుండా పడుతుందని దాని మీదే బియ్యం ఖర్చు పెట్టుకోకండి, కొన్ని నెలలది కలిపి ఒకసారి రావడం ఉంటుంది. అందుకే ఇంటి విచారణలో ‘ఆర్నెల్లు పడకపోతే ఎలా?’ అని అడుగుతారు.

కోవిడ్‌లో ఇద్దర్నీ పోగొట్టుకుని పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్‌లో నమోదైన పిల్లలకి 23 ఏళ్లు నిండినప్పుడు 10 లక్షలు అందుతాయి. అది బిడ్డ డబ్బు. దాని మీద ఇప్పుడే అప్పులు చేయొద్దు.

కాదన్నారు. ఇంక అంతేనా?

ఉత్తర్వు కాపీ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, కారణం ఏం రాశారో చదివించుకోండి. 30 రోజుల్లోపు బాలల కోర్టులో అప్పీలు వేసుకోవచ్చు. ఫోస్టర్ కేర్ (బిడ్డని వేరే కుటుంబంలో ఉంచి పెంచడం), స్పాన్సర్‌షిప్ నిర్ణయాల మీదైతే కలెక్టరుకి. వకీలు ఖర్చు భరించలేకుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలు దొరుకుతారు, ఫోన్ 15100.

కారణం సరిచేయగలిగిందైతే అప్పీలు కన్నా సరిచేసుకుని మళ్లీ అడగడమే దగ్గరి దారి. పెంచేందుకు కాదన్నారంటే చూడ్డానికి కూడా కాదన్నట్టు కాదు. సెలవులకి తీసుకుపోవడానికి, హోంలో కలవడానికి విడిగా అర్జీ పెట్టండి.

## బిడ్డ ఇంటికొచ్చాక

ఇచ్చేశాక కూడా వస్తారా?

వస్తారు. బిడ్డని వెనక్కి తీసుకుపోయేందుకు అనుకుని పెరటి గుమ్మం నుంచి దాచేసినవాళ్లున్నారు, అలా చేయకండి. మొదటి నెలల్లో పక్క తడపడం, అన్నం దిండు కింద దాచుకోవడం, ఉన్నట్టుండి కొట్టడం, అబద్ధాలాడటం మామూలే. వచ్చినప్పుడు ఇవి చెప్పండి. ‘అంతా బాగుంది సార్’ అంటే వాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు. చెబితే కౌన్సెలర్‌ని పంపుతారు, బడి పంతులుతో మాట్లాడతారు.

బడిలో గార్డియన్ సంతకం నేను పెట్టొచ్చా?

కమిటీ ఉత్తర్వు కాపీ చూపించి పెట్టవచ్చు. పది జిరాక్సులు తీసి పెట్టుకోండి, ఆస్పత్రిలోనూ అడుగుతారు.

పనికి బెంగుళూరు పోవాల్సొచ్చింది. బిడ్డని తీసుకుపోవచ్చా?

పోయే ముందు జిల్లా విభాగానికి చెప్పండి. బడి టీసీ, కొత్త చిరునామా, అక్కడ ఏ బడిలో చేరుస్తారు అన్నవి కావాలి. ఆ జిల్లా విభాగానికి సమాచారం పంపితే చూడ్డానికి అక్కడివాళ్లు వస్తారు. చెప్పకుండా పోతే ఇంటికి తాళం చూసి బిడ్డ కనపడటం లేదని రాసుకోవాల్సి వస్తుంది.

బిడ్డ వచ్చిందని వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాం. ఏమన్నా అంటారా?

తీసేయండి. ఇలాంటి కేసుల్లోని బిడ్డ పేరు, ఫొటో, బడి, చిరునామా బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షను ఒప్పుకోదు. దాతలతో, నాయకులతో బిడ్డని నిలబెట్టి తీసే ఫొటోలకి కూడా ఇది వర్తిస్తుంది, మొహమాటం లేకుండా వద్దనండి.

మా వల్ల కావడం లేదు. తిరిగిచ్చేస్తే పాపమా?

వల్ల కావడం లేదని అనుకున్న మొదటి వారంలోనే ఫోన్ చేయండి, చెయ్యి చేసుకునేదాకా ఆగకండి. కొన్నిసార్లు కొద్దిరోజుల విరామం, ఇంకో బంధువు దగ్గర సెలవులు, బిడ్డకి వైద్యం, ఆగిపోయిన డబ్బు విడుదల, వీటితోనే పరిస్థితి చక్కబడుతుంది. నిజంగానే కుదరదని తేలితే కమిటీ ముందు చెప్పి అప్పగించాలి. ఇంకో చుట్టానికి మీ అంతట మీరు పంపేయడం, హోం గేటు దగ్గర దింపి పోవడం చేయొద్దు. కొత్త ఇల్లు ఏదో బిడ్డకి ముందే చెప్పండి. బడి సంచి, మందుల చీటీలు, బట్టలతో పాటు తన సొంతమనుకున్న వస్తువు ఏదున్నా వెంట పంపండి, మీ ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి సంచిలో పెట్టండి. పెంచలేకపోయినా పండగలకి వచ్చి చూసిపోతామంటే ఆ మాట కూడా ఉత్తర్వులో రాయించుకోవచ్చు.